చూసినవి తొమ్మిది ఆటలు

కొలతలు సరిచూసే గేజి గదిలో అందరూ అతన్ని మైక్రాన్ అనే పిలుస్తారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా కనపడదు. పంపుల్లో తిరిగే ఇరుసులు చేసే ఫ్యాక్టరీ అది. లేతు మీద నుంచి దిగిన ప్రతి ఇరుసూ అతని బల్ల మీదికి రావాల్సిందే. తల వెంట్రుక మందాన్ని డెబ్బై భాగాలు చేస్తే అందులో ఒక భాగం మైక్రాన్. అలాంటివి రెండు ఎక్కువైనా ఇరుసుని తిప్పి పంపేస్తాడు కాబట్టి లేతు పనివాళ్ళు ఒళ్ళుమండి పెట్టిన పేరది.

"వీడు కూతుర్ని ఎత్తుకోవాలన్నా ముందు గదిలో ఇరవై డిగ్రీలు ఉన్నాయో లేదో చూసుకుంటాడు" అని వెనకాల నవ్వుకుంటారు. మైక్రాన్ వింటాడు, పట్టించుకోడు. గేజి గదిలో ఇరవై డిగ్రీలే ఉండాలి మరి. అంతకన్నా వేడెక్కితే ఉక్కు పొంగుతుంది, కొలత తప్పుతుంది.

ఫ్యాక్టరీ బయట అతనికి ఇంకో కొలతల పని ఉంది. ఎవరూ అప్పజెప్పలేదు, తనే నెత్తికెత్తుకున్నాడు. ఇంటర్నెట్‌లో ఒంటరిగా ఆడుకునే పేకాట ఒకటుంది. పందెం లేదు, ఎదురు ఆటగాడు లేడు. యాభైరెండు ముక్కల్నీ మొదటే తెరిచి ఎనిమిది వరసల్లో పరుస్తారు. పక్కన నాలుగు ఖాళీ గళ్ళు. ఆ గళ్ళని వాడుకుంటూ ముక్కల్ని ఆసు నుంచి రాజు దాకా సర్దుకోవాలి. గళ్ళు నిండిపోయి కదలడానికి దారి లేకపోతే ఓడినట్టే. ఒక్క ఆటా ఓడకుండా వరసగా ఎన్ని గెలిచారన్నదే ఇందులో ఘనత. ఓడితే మళ్ళీ సున్నా నుంచి మొదలు.

ఈ ఆట పిచ్చివాళ్ళు మూడు వందల మంది దాకా ఒక గుంపుగా ఏర్పడ్డారు. ఎవరి గెలుపు ఎంతదాకా వచ్చిందో రాసే పట్టిక మైక్రాన్ చేతిలో ఉంటుంది. ఎవరైనా రికార్డు కొట్టామంటే నమ్మేయడు. ఆటలన్నిటి చిట్టానీ తెరిచి ఏ ముక్క ఎటు కదిలిందో చూస్తాడు. ఆ తర్వాత ఆ మనిషి పది ఆటలు కళ్ళెదుట ఆడి చూపించాలి. చూశాక పేరు పక్కన "పది ఆటలూ చూశాను" అని రాసి, కింద తన గుర్తు పెడతాడు. ఆ గుర్తు పడిందంటే ఇక నోరెత్తేవాళ్ళు లేరు. ఇంకో నియమం కూడా ఉంది. ఒక ఖాతా, ఒక చెయ్యి. రెండు చేతులు పడ్డ గెలుపుని మొత్తంగా కొట్టేస్తారు.

పట్టికలో మొదటి స్థానం మేస్త్రిది. ఏడువేల తొమ్మిదివందల నలభై ఆటలు. తొమ్మిదేళ్ళుగా ఓటమి లేదు.

మేస్త్రి అంటే గేజి గది పెద్ద. మైక్రాన్ ఇరవై రెండేళ్ళవాడిగా ఆ గదిలో అడుగుపెట్టినప్పుడు మైక్రోమీటరు పట్టుకోవడం నేర్పింది ఆయనే. "అంత బిగించకు, దానికి ఊపిరాడాలి" అనేవాడు. ఉత్త చేత్తో గేజి ముట్టుకుంటే వేళ్ళ మీద స్కేలుతో ఒక్కటిచ్చేవాడు. మాటలు తక్కువ. ఇరుసు సరిపోతే దాని చీటీని అలాగే వదిలేసేవాడు. తప్పితే చీటీని బోర్లా పెట్టేవాడు. బోర్లా పడిందంటే దాని కథ ముగిసినట్టే, ఇక వాదన లేదు. ఏడాదికోసారి గదిలోని పరికరాలన్నిటినీ మాస్టరు గేజితో సరిచూసేవారు. ఆ మాస్టరుని కూడా చెక్కపెట్టెలో పెట్టి, అంతకన్నా పై స్థాయి పరీక్షశాలకి పంపేవారు. "దాన్నీ ఎవరో ఒకరు కొలవాలిరా" అనేవాడు మేస్త్రి. మైక్రాన్‌కి ఈ ఆట చూపించిందీ ఆయనే.

పద్నాలుగు నెలల కిందట కొలతలు తీసే నల్లరాతి బల్ల పక్కనే మేస్త్రి కుప్పకూలాడు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది. గెలుపు మాత్రం ఆగలేదు. "ఎడం చేత్తో ఆడుతున్నారయ్యా" అని మేస్త్రి భార్య ఫోన్‌లో చెప్పింది. మేస్త్రిని అన్న అన్నట్టే మైక్రాన్ ఆవిణ్ణి వదిన అంటాడు. ఆ మాట గుంపులో పెడితే మూడు వందల మందీ చప్పట్లు పంపారు. లేతు పనివాళ్ళకి కూడా రెండుసార్లు చెప్పుకుని పొంగిపోయాడు. పడిపోకముందు మేస్త్రికి ఒక్కో ఆటకి నాలుగు నిమిషాలు పట్టేది. పడిపోయాక, ఎడం చేత్తో కూడా, నాలుగు నిమిషాలే. మైక్రాన్ అది చూశాడు. చెయ్యి అలవాటు పడి ఉంటుందిలే అనుకున్నాడు. ఇరుసు విషయంలో అలా అనుకుని ఉంటే ఉద్యోగం పోయేది.

ఈ నెల మొదట్లో ఆట నడిపేవాళ్ళు ఒక కబురు పెట్టారు. నెలాఖరు మధ్యాహ్నం పన్నెండింటికి ఆట మూసేస్తారు. ఖాతాలు పోతాయి. అంటే ఆ రోజు పట్టికలో ఎవరి స్థానం ఎక్కడుందో ఎప్పటికీ అక్కడే ఉంటుంది. దిద్దుకోవడానికి ఇంకో ఆట ఉండదు.

మర్నాడే రెండో స్థానంలో ఉన్నామె ఉత్తరం రాసింది. పాత బట్టలకి కొలతలు సరిచేసి కుట్టే చిన్న షాపు ఆమెది. గుంపులో అందరూ టైలరమ్మ అంటారు. ఆరువేల రెండొందల పన్నెండు ఆటలు ఆమెవి.

"అన్నయ్యా, మొదటి స్థానం పెద్దాయన ఏ ఉద్యోగం చేసేవారో కాస్త చెప్తారా? ఆరేళ్ళ కిందటి ఆటల టైములు చూశాను. మంగళవారం పదింటికి ఆడారు, పన్నెండున్నరకి ఆడారు, రెండుంపావుకి ఆడారు. బుధవారమూ అంతే, గురువారమూ అంతే. అంత తీరికిచ్చే ఉద్యోగం ఎక్కడుందో చెప్తే నేనూ మిషను అమ్మేసి అందులో చేరిపోతా. పెడలు తొక్కీ తొక్కీ మోకాళ్ళు పోతున్నాయి."

మైక్రాన్‌కి ముందు రక్తం మరిగింది. "ఆయన గురించి మాట్లాడే ముందు" అని టైపు చేశాడు. అక్కడే వేళ్ళు ఆగిపోయాయి. మంగళవారం పదింటికి మేస్త్రి ఎక్కడుండేవాడో ఈ లోకంలో అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. రెండు బారల దూరంలో, తన ఎదురుగా. ఫోన్లు గేటు దగ్గర ఇనప పెట్టెలో పెట్టి తాళం వేస్తేగాని ఎవర్నీ లోపలికి పంపరు. ఆటల చిట్టాలో టైము గడి మొదటినుంచీ ఉంది. ముక్కల గడులన్నీ ఒకటికి రెండుసార్లు చూసినవాడు దాన్ని ఒక్కసారీ చూడలేదు.

గేజి గదిలో గంటగంటకీ వేడి ఎంతుందో ఒక రిజిస్టరులో రాసి ఇద్దరు సంతకాలు చెయ్యాలి. ఒకటి మేస్త్రిది, రెండోది మైక్రాన్‌ది. పాత రిజిస్టర్లు స్టోరులో ఇనప బీరువాలో పడున్నాయి. స్టోరుకీపరు తాళం తీస్తూ అడిగాడు.

"ఎనిమిదేళ్ళ కిందటి వేడితో ఏం పనిరా నీకు? చలేస్తోందా?"

"సరిచూడాలి."

"దేన్ని?"

మైక్రాన్ మొదటి రిజిస్టరు దుమ్ము దులిపాడు. మూడు రోజులు భోజనం వేళ అక్కడే కూర్చున్నాడు. ఒక పక్క రిజిస్టరు, ఒక పక్క ఆటల చిట్టా అచ్చుకాగితాలు. పది గంటలకి ఇరవై పాయింట్ ఒకటి, మేస్త్రి సంతకం. పదీ పన్నెండుకి ఆట గెలిచారు. పదకొండుకి ఇరవై, మేస్త్రి సంతకం. పదకొండూ నలభైకి ఆట గెలిచారు. మేస్త్రి సెలవు పెట్టిన రోజుల్ని తీసేశాడు. ఆలస్యంగా వచ్చిన రోజుల్ని తీసేశాడు. అనుమానం ఉన్న ప్రతిదాన్నీ మేస్త్రి వైపే వేశాడు. అయినా మూడువేల నూట ఎనిమిది మిగిలాయి. అన్నీ మేస్త్రి తన ఎదురుగా ఉండగా ఇంట్లో ఎవరో గెలిచిన ఆటలే.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే భార్య అడిగింది. చెప్పాడు. ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"పేకముక్కల కోసమా ఈ మొహం? ఊరుకుంటే ఎవరికి నష్టం?"

"టైలరమ్మకి."

"ఆవిణ్ణి నువ్వెప్పుడైనా చూశావా? మీ అన్న నీకు పని నేర్పాడు. నాకు పురుడొచ్చినప్పుడు రెండ్రోజులు ఆస్పత్రిలో నిలబడ్డాడు. మంచాన పడి ఉన్నాడు. ఆయన్ని ఇప్పుడు నువ్వు వెళ్ళి కొలుస్తావా?"

"గుర్తు నాదే పెట్టాను. పది ఆటలూ చూశానని."

"చూశావుగా?"

మైక్రాన్ తలెత్తలేదు. చూసింది మూడు.

ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం, పరీక్ష కోసం మేస్త్రి ఇంటికి వెళ్ళాడు. మూడు ఆటలు చకచకా అయిపోయాయి. నాలుగో ఆటలో మేస్త్రి చాలాసేపు ముక్కల వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత టాబ్లెట్‌ని అలాగే బల్ల మీద వదిలేసి, "రా, టీ తాగుదాం" అని బాల్కనీలోకి తీసుకెళ్ళాడు. కొత్తగా వచ్చిన బోరు గేజి గురించి మాట్లాడుకున్నారు. వదిన టీ తెచ్చి ఇచ్చింది. లోపలికి వచ్చేసరికి తెర మీద అంకె ఒకటి పెరిగి ఉంది. లేచే ముందే ముగించాడు కాబోలు అనుకున్నాడు మైక్రాన్. మిగతా ఆరూ చూడమని అడగడానికి నోరు రాలేదు. గురువుని పట్టుకుని ఇంకా చూపించు అనడమా? ఇంటికొచ్చి "పది ఆటలూ చూశాను" అని రాసేశాడు.

ఆదివారం పొద్దున్న మేస్త్రి ఇంటి తలుపు కొట్టాడు.

"రావయ్యా మరిదీ, దారి తప్పి వచ్చావా?" అంది వదిన. చేతిలో తడిగుడ్డ ఉంది. "చెప్పులు అక్కడే. ఇప్పుడే నేల తుడిచా."

ముందుగది మందుల వాసన. కిటికీ పక్కన మంచం. మేస్త్రి దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. నోరు ఒక పక్కకి జారింది. కుడిచెయ్యి దుప్పటి మీద ఎవరో మరిచిపోయిన వస్తువులా పడుంది. మంచానికి అడ్డంగా ఒక చిన్న బల్ల, దాని మీద టాబ్లెట్. ఆట సగంలో ఉంది. మైక్రాన్‌ని చూడగానే ఆయన ఎడం చెయ్యి కొంచెం లేచింది.

వదిన ఒక గిన్నె, చెంచా తెచ్చి మంచం అంచున కూర్చుంది. ముందు పట్టిక తెరిచి ఆయనకి చూపించింది. మొదటి స్థానం, ఏడువేల తొమ్మిదివందల నలభై. ఆయన చూశాడు, నోరు తెరిచాడు. చెంచా లోపలికి వెళ్ళింది.

"ఇది చూపించకపోతే నోరు తెరవరు. చంటిపిల్లాడికి చందమామ ఇది" అంది.

మైక్రాన్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వచ్చేటప్పుడు కూడబలుక్కున్న మాటలన్నీ మరిచిపోయాడు. సంచిలోంచి కాగితాలు తీశాడు.

"వదినా, నేనొకటి అడుగుతాను. ఆరేళ్ళ కిందట నేను చూడ్డానికి వచ్చిన రోజు... నాలుగో ఆట..."

చెంచా గిన్నెలో ఆగింది. ఆవిడ కాగితాల వంక చూసింది, రిజిస్టరు నకళ్ళు గుర్తుపట్టింది. మొగుడి సంతకం ఆవిడకి తెలీదా?

"టీ మరుగుతుండగా అయిపోయింది" అంది తాపీగా. "కష్టమైనదేం కాదు. రాణిని ముందే కదిపి చెడగొట్టుకున్నారు, అంతే."

"ఎప్పట్నుంచి?"

"రెండొందల పదకొండు దగ్గర ఇరుక్కుపోయారు. రెండ్రోజులు అలాగే తెరిచిపెట్టి, తిండి తినకుండా చూశారు. మూడోరోజు డ్యూటీకెళ్ళారు. నేను కూర తరుగుతూ అటు చూశా. కళావరు ఏడుని గడిలో పెట్టకుండా ఎర్ర ఎనిమిది మీదికి పంపితే దారొస్తుంది. చెయ్యి తుడుచుకుని పంపా. సాయంత్రం వచ్చి చూశారు. రెండొందల పన్నెండు. నా వంక చూశారు. నేను గిన్నెలు తోముతున్నా. 'టీ ఉందా' అన్నారు. దీని గురించి మా ఇద్దరి మధ్య జరిగిన మాట అంతే. తొమ్మిదేళ్ళు."

"ఒక్కసారీ అడగలేదా?"

"ఏమని అడుగుతారు? మర్నాటి నుంచి ఇరుక్కున్న ఆటల్ని అలా బల్ల మీద వదిలేసి వెళ్ళేవారు. చొక్కా గుండీ ఊడితే ఎలా కుర్చీ మీద వదిలేస్తారో అలాగే. కుట్టి పెట్టేదాన్ని. తర్వాత్తర్వాత ఆయన వదలకపోయినా నేనే కొత్తవి తీసేదాన్ని. చెయ్యి ఊరుకునేది కాదు." నవ్వింది. "మీ ఫ్యాక్టరీ కుటుంబాల భోజనాలప్పుడు ఒకావిడ నన్ను పట్టుకుని, మీ ఆయన బుర్రే బుర్రండీ అంది. నేను మంచినీళ్ళు అందిస్తున్నా. అవునమ్మా, బుర్రే బుర్ర అన్నా."

మంచం మీద మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. నిద్ర కాదు. కనుగుడ్లు రెప్పల కింద కదులుతున్నాయి.

"కొట్టేయాలి వదినా" అన్నాడు మైక్రాన్. "రెండు చేతులు పడితే మొత్తం కొట్టేయాలి."

"ఎవరిదీ కాకుండానా?"

"ఎవరిదీ కాకుండా."

"మరి ఆ ఎనిమిదివేల ఆటలూ ఎవరు గెలిచినట్టు? గోడా?"

ఆవిడ గిన్నె కింద పెట్టేసింది.

"చూడు, నా పేరు పెట్టమని నేనడగలేదు. ఆయన పేరు ఉండనియ్యి అంటున్నా. డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావు. ఇంకెన్నాళ్ళు? నెలాఖరుకి ఆ ఆటా ఉండదు, ఆపై నెలకి ఈయనా ఉండరు. చెంచాకి నోరు తెరవడానికి అదొక్కటే మిగిలింది. అది కూడా లాక్కుపోతావా?"

"అన్న అయితే ఏం చేసేవారు?"

"మీ అన్న ఏం చేశారో ఇందాకట్నుంచి చెబుతున్నాగా!"

అప్పుడు మంచం కిర్రుమంది. మేస్త్రి కళ్ళు తెరిచి ఉన్నాయి. ఎడం చెయ్యి అడ్డబల్ల మీద పాకుతోంది. వేళ్ళు వణుకుతూ టాబ్లెట్ అంచుని వెతుక్కున్నాయి. వదిన సాయం చెయ్యబోతే మోచేత్తో తోసేశాడు. రెండుసార్లు జారింది. మూడోసారి ఎత్తి, దాన్ని బోర్లా పెట్టాడు. దాని మీద అరచెయ్యి ఆనించి, మైక్రాన్ వంక చూశాడు.

ఆ చూపు మైక్రాన్‌కి తెలుసు. ఇరవై నాలుగేళ్ళుగా చూశాడు.

వదిన మొహం పాలిపోయింది.

"తొమ్మిదేళ్ళకి నోరు విప్పారా?" అంది మొగుడితో. "విప్పి విప్పి ఈ మాటకా?"

సోమవారం పట్టికలో మేస్త్రి పేరు తీసేశాడు. "ఒక ఖాతాలో రెండు చేతులు. గెలుపు చెల్లదు. పది ఆటలూ చూశానని రాసింది అబద్ధం, చూసింది మూడే" అని కారణం రాశాడు. అక్కడితో ఆగలేకపోయాడు. తను గుర్తు పెట్టిన మిగతా పేర్లన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాడు. తెలిసినవాళ్ళు కదా అని మొహమాటపడి పదీ చూడని చోటల్లా, నిజంగా ఎన్ని చూశాడో రాస్తూ వెళ్ళాడు. నలభై ఒక్క పేర్లలో పదకొండు నిలబడలేదు.

గుంపు భగ్గుమంది. "మంచాన పడ్డవాడి మీదా నీ ప్రతాపం" అన్నారు. "ఇన్నేళ్ళూ నిద్రపోయావా" అన్నారు. అరవై మంది గుంపు వదిలిపోయారు. మొదటి స్థానం దక్కిన టైలరమ్మ సంబరపడలేదు. "నావీ మళ్ళీ చూడండి. పదీ చూడండి" అని మాత్రం రాసింది. వీడియోలో చూశాడు. వేళ్ళ చివర సూది గాట్లు. పదీ గెలిచింది. పదీ చూశాడు.

ఆ తర్వాత మేస్త్రి పన్నెండు రోజులు బతికాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నాడు డాక్టరు. టాబ్లెట్ బోర్లా పెట్టిన రోజు నుంచి చెంచాకి నోరు తెరవడం మానేశారంది వదిన. రెండింట్లో ఏది ఎంతో కొలిచే పరికరం ఏ గదిలోనూ లేదు. ఫ్యాక్టరీ వాళ్ళు ఒక పూట సెలవిచ్చారు. మైక్రాన్ అందరికన్నా వెనక నిలబడ్డాడు. వదిన అతని వంక చూడలేదు.

నెలాఖరు రోజు పొద్దున్న ఆవిడే ఫోన్ చేసింది.

"పన్నెండింటికి మూసేస్తారటగా. ఒకసారి రా. ఆ కాగితాలు కూడా తే."

వెళ్ళేసరికి పదకొండు దాటింది. మంచం మడిచి గోడకి ఆనించి ఉంది. దిండు రాసుకున్న చోట గోడ నల్లబడింది. అడ్డబల్ల మాత్రం ఉంది. దాని మీద టాబ్లెట్, ఛార్జింగ్ వైరు తగిలించి, ఆయన పెట్టినట్టే బోర్లా. దాని వీపు మీద సన్నగా దుమ్ము.

"మూడువేల నూట ఎనిమిది అని ఆ రోజు నీ కాగితాల మీద చూశా, అంతే కదూ?"

"అవును వదినా. ఆ టైముల్లో అన్న గేజి గదిలో ఉన్నారు. గంటగంటకీ ఆయన సంతకం ఉంది."

"ఆయన సంతకాలే నాకు సాక్ష్యమన్నమాట. అడక్కుండానే పెట్టిపోయారు." ఆవిడ కాగితం మీద మొగుడి సంతకాన్ని వేలితో ఒకసారి తడిమింది. "మరి ఆదివారాలు?"

"తెలీదు."

"మంచాన పడ్డాక పద్నాలుగు నెలలు?"

"నేను చూడలేదు."

"సరే. ఆ మూడువేలే రాయి. ఇవి ఈవిడ గెలిచినవని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వు. పట్టికలో వద్దు. ఎవరికీ చూపించను. బీరువాలో పెట్టుకుంటా."

మైక్రాన్ కలం తీశాడు. కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. అంకె వేశాడు. వేసి, కలం పైకెత్తి అలాగే ఉండిపోయాడు. ఇదొక్కటీ రాసిస్తే ఈవిడకి తను చేసినదాంట్లో కొంతైనా తీరుతుంది. అది అతనికి తెలుసు. చెయ్యి కదల్లేదు.

"అన్న అక్కడున్నారని సంతకం పెట్టగలను వదినా. ఇక్కడ మీరున్నారని నేను చూడలేదు."

ఆవిడ కొట్టినంత పని చేసింది. పిడికిలి బిగుసుకుంది, మళ్ళీ విడింది.

"చూడలేదా?"

"చూడలేదు."

"ఆయన చేతికింద తయారైనవాడివి మరి." లేచి గోడ గడియారం చూసింది. పదకొండూ ఇరవై రెండు. కుర్చీ లాక్కుని అడ్డబల్ల ముందు కూర్చుంది. టాబ్లెట్ మీద దుమ్ముని కొంగుతో తుడిచి, వెల్లకిలా తిప్పింది. "అయితే ఇప్పుడు చూడు. పక్కకి తిప్పావంటే కళ్ళు పీకుతా. టీ అడగొద్దు."

మైక్రాన్ కుర్చీని ఆవిడ భుజం పక్కకి జరుపుకున్నాడు.

ముందు, ఆ రోజు సగంలో ఆగిపోయిన ఆట ఉంది. "ఇది లెక్కలోకి రాదుగా?" అంది. రాదన్నాడు. దాన్ని గబగబా ముగించి, కొత్త ఆట తీసింది. ముక్కలు పరుచుకోగానే వెంటనే ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వంట ఏం చెయ్యాలా అని కూరగాయల బుట్ట ముందు నిలబడ్డ మనిషిలా, చివరిదాకా చూసింది. తర్వాత వేలు కదిలింది. కదిలాక ఆగలేదు. మేస్త్రి ఎప్పుడూ గళ్ళు నింపేసి, ఆపైన ఖాళీ చెయ్యడానికి కష్టపడేవాడు. ఆవిడ గళ్ళ జోలికే పోవడం లేదు. ఒకటి వాడితే ఒకటి ఖాళీ చేస్తోంది. వెనక్కి తీసుకున్న కదలిక లేదు. చేతి పని తెలిసినవాడికి అది చాలు. ఇన్నేళ్ళూ ఎవరి పనిని పొగిడాడో మైక్రాన్‌కి మూడో ఆటకే అర్థమైంది. కానీ మూడు దగ్గర ఆగిపోయినవాడు కాబట్టి నోరు తెరవలేదు, కళ్ళు తిప్పలేదు.

నాలుగు. అయిదు. ఆరో ఆటలో ఆసులన్నీ అడుగున పడ్డాయి. అక్కడ మాత్రం ఒక్క నిమిషం ఆగి, "ఇలాంటివే వదిలేసేవారు" అంది తెర వంక చూస్తూనే. ఏడు, ఎనిమిది. తొమ్మిదోది ముగిసేసరికి పన్నెండుకి మూడు నిమిషాలు.

పదోది తీసింది. ఇప్పుడు చూస్తూ కూర్చోలేదు, వేలు పరిగెత్తింది. రెండు రంగులు సర్దేసింది. మూడోది పది దాకా వచ్చింది. ఇంకో ఇరవై కదలికలు ఉంటాయేమో. తెర ఒకసారి మినుకుమంది. ముక్కలు పోయాయి. తెల్లటి తెర మీద ఒక వాక్యం మిగిలింది. ఇన్నాళ్ళు ఆడినందుకు కృతజ్ఞతలు.

ఆవిడ వేలు ఇంకా తెర మీదే ఉంది. కొంచెంసేపటికి తీసేసింది.

"గెలిచేదే" అంది.

"గెలిచేదే" అన్నాడు మైక్రాన్.

మోకాలి మీది కాగితంలో ముందు వేసిన పెద్ద అంకెని ఒక గీతతో కొట్టేశాడు. దాని కింద తేదీ వేశాడు. ఆవిడ పూర్తి పేరు అడిగి తెలుసుకుని రాశాడు. ఇరవై నాలుగేళ్ళలో ఆవిడ పేరు అడగడం అదే మొదలు. ఆ పక్కన, "తొమ్మిది ఆటలు చూశాను. తొమ్మిదీ గెలిచారు" అని రాసి, కింద గుర్తు కాదు, పూర్తి సంతకం చేశాడు.

ఆవిడ కాగితం అందుకుని చదివింది.

"పదోది వెయ్యవా?"

"అది పూర్తవలేదు వదినా."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. కోపమో నవ్వో తెలియని శబ్దం ఒకటి ముక్కులోంచి వచ్చింది. కాగితాన్ని రెండు మడతలు పెట్టి, బీరువా దగ్గరికి వెళ్ళింది. తాళం తీసే చప్పుడు వినిపించింది. తిరిగి రాలేదు. మైక్రాన్ కాసేపు చూసి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.